పిల్లలకు స్క్రాచ్ నేర్పడం ఎలా: నేల మీద గళ్ళ నుంచి సొంత ఆట దాకా

"మా అబ్బాయికి స్క్రాచ్ నేర్పాలి, ఎక్కడ మొదలుపెట్టమంటారు?" అని అడిగేవాళ్ళు రెండు రకాలు. (స్క్రాచ్ అంటే కోడు టైప్ చేయకుండా, రంగురంగుల బ్లాకులు అతికించి ఆటలూ బొమ్మల కథలూ చేసే పిల్లల కోడింగ్ సాధనం.) ఒకరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, పిల్లల పక్కన కూర్చున్న పది నిమిషాలకే ఓపిక పోగొట్టుకునేవాళ్ళు. ఇంకొకరు, తమకే కోడింగ్ రాదు, పిల్లలకేం చెబుతాం అని టెన్షన్ పడే అమ్మానాన్నలు, టీచర్లు. నన్నడిగితే రెండో రకం వాళ్ళే బాగా నేర్పుతారు. జవాబు వాళ్ళకీ తెలియదు కాబట్టి పిల్లల చేతిలోంచి మౌస్ లాక్కోరు.

ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు ఇంట్లోనో బడిలోనో నేర్పేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మీకు కోడింగ్ రాకపోయినా పరవాలేదు. పిల్లల కంటే ఒక్క రోజు ముందు ఆ పాఠం మీరు చేసి చూసుకుంటే చాలు.

## 1. వయసును బట్టి ఏది ఎంచుకోవాలి

ఐదు నుంచి ఏడేళ్ళ పిల్లలకు స్క్రాచ్ జూనియర్. అందులో బ్లాకుల మీద మాటలు ఉండవు, గుర్తులే ఉంటాయి. చదవడం రాని పిల్లలు కూడా వాటిని ఎడమ నుంచి కుడికి అతికించుకుంటూ పోవచ్చు. ట్యాబ్‌లో బాగా పనిచేస్తుంది.

ఎనిమిదేళ్ళు దాటితే స్క్రాచ్. ఇందులో బ్లాకులు పై నుంచి కిందికి అతుక్కుంటాయి. రెండూ ఉచితమే.

తొమ్మిదేళ్ళ పాపకు ఇంగ్లీషు చదవడం తడబాటుగా ఉందని జూనియర్‌లో కూర్చోబెట్టకండి. జూనియర్‌లో వేరియబుల్స్ (స్కోరు లాంటి అంకెలు దాచుకునే డబ్బాలు) లేవు, 'ఇఫ్' (ఇలా అయితే అలా చెయ్యి) లేదు. కొద్ది రోజులకే బోరు కొడుతుంది. ఇంగ్లీషు సంగతి ఎలా దాటాలో నాలుగో భాగంలో చెప్తాను.

ఇంకో మాట. స్క్రాచ్ ప్రాజెక్టులు ఫోన్‌లో చేయలేం. ల్యాప్‌టాప్, డెస్క్‌టాప్, లేదంటే కాస్త పెద్ద ట్యాబ్ కావాలి.

## 2. ముందురోజే చేసిపెట్టుకోవాల్సినవి

నెట్ సరిగా లేని చోట బ్రౌజర్‌ను నమ్ముకోవద్దు. స్క్రాచ్ వెబ్‌సైట్‌లో డౌన్‌లోడ్ చేసుకునే యాప్ ఉంది. ఒకసారి ఇన్‌స్టాల్ చేస్తే నెట్ లేకుండానే నడుస్తుంది. విండోస్‌లో అయితే విండోస్ 10 లేదా ఆ పైది ఉండాలి.

బ్రౌజర్‌లో అకౌంట్ లేకుండా పనిచేస్తే ఒక విషయం గుర్తుంచుకోండి. బ్రౌజర్ ట్యాబ్ మూసేస్తే చేసిన పనంతా పోతుంది. గంటసేపు గీసిన బొమ్మ పోయాక పిల్లల్ని మళ్ళీ కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు. ఫైల్ మెనూలో 'సేవ్ టు యువర్ కంప్యూటర్' నొక్కడం మొదటి రోజే అలవాటు చేయించండి. ఫైలు చివర ఎస్‌బీ3 అని ఉంటుంది. దాన్ని మళ్ళీ స్క్రాచ్‌లోనే తెరవాలి, డబుల్ క్లిక్ చేస్తే అన్ని కంప్యూటర్లలోనూ తెరుచుకోదు.

చూసుకోవాల్సినవి:

- యాప్ ఇన్‌స్టాల్ అయిందా, ఒకసారి తెరిచి చూశారా
- పిల్లల పేరుతో ఒక ఫోల్డర్ ఉందా
- విడి మౌస్ ఉందా (టచ్‌ప్యాడ్‌తో బ్లాకులు లాగడం చిన్న వేళ్ళకు చాలా కష్టం)
- స్పీకర్ పనిచేస్తోందా
- రేపు చేయించబోయేది మీరు ఒకసారి మొత్తం చేసి చూశారా
- గళ్ళ నోటుబుక్కు, పెన్సిలు పక్కన ఉన్నాయా

ఒక్కో పూట 40, 45 నిమిషాలు చాలు. వారానికి రెండు పూటలు కూర్చుంటే మంచిది. ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు కూర్చోబెడితే మొదటి గంటలో నేర్చుకున్నది మూడో గంటకే మర్చిపోతారు.

## 3. కంప్యూటర్ తెరవకముందు: నేల మీద గళ్ళు

హాల్లోనో వరండాలోనో సుద్దతో ఐదు అడ్డం, ఐదు నిలువు గళ్ళు గీయండి. ఒక మూల మీరు నిలబడండి. ఎదురుగా మూల గడిలో ఒక చాక్లెట్ పెట్టండి. మధ్యలో రెండు గళ్ళలో చెప్పులు పెట్టి అడ్డం చేయండి.

మీరు రోబో. మీకు మూడే మాటలు తెలుసు: 'ముందుకు ఒక గడి', 'కుడికి తిరుగు', 'ఎడమకు తిరుగు'. పిల్లలు ఆ మూడు మాటలతోనే మిమ్మల్ని చాక్లెట్ దగ్గరికి నడిపించాలి.

ఇక్కడ ఒక తప్పు కచ్చితంగా వస్తుంది. 'కుడికి' అనగానే కుడి పక్క గడిలోకి మీరు జరుగుతారని పిల్లలు అనుకుంటారు. మీరు జరగకండి. ఉన్న చోటే కుడివైపు తిరిగి ఆగిపోండి. "అదేంటమ్మా, రావేం?" అని అడుగుతారు. "తిరగమన్నావు, తిరిగాను. నడవమనలేదుగా" అనండి. తిరగడం వేరు, నడవడం వేరు అన్నది ఇక్కడ తెలిసిపోతే రేపు తెర మీద సగం గొడవ తగ్గుతుంది. మీరు వాళ్ళ వైపు తిరిగి ఉన్నప్పుడు మీ కుడి, వాళ్ళ కుడి ఎదురుబొదురవుతాయి. దానికీ కాసేపు తికమకపడనివ్వండి.

తర్వాత రెండో రౌండు. ఈసారి ఒక్కొక్క మాటగా చెప్పడం కుదరదు. మొత్తం దారి ముందే కాగితం మీద రాసి ఇవ్వాలి. రాసింది రాసినట్టు మీరు నడుస్తారు. చెప్పు తొక్కితే ఆట ఆపేసి, ఏ లైనులో తప్పు ఉందో కాగితంలోనే వెతకమనండి. ప్రోగ్రామ్ రాయడం, తప్పు పట్టుకోవడం రెండూ ఈ అరగంటలో అయిపోయాయి. ఆ పేర్లు ఇప్పుడే చెప్పనక్కర్లేదు.

## 4. తెర పరిచయం: ఐదు నిమిషాలు మించొద్దు

అన్ని బటన్లూ వివరిస్తూ కూర్చుంటే పిల్లలు కిటికీలోంచి బయటికి చూస్తారు. నాలుగు చూపించండి. బొమ్మ ఆడే చోటు స్టేజీ. అక్కడ కదిలే ఒక్కో బొమ్మా ఒక స్ప్రైట్. ఎడమ పక్కన బ్లాకుల గుట్ట. మధ్యలో బ్లాకులు అతికించే ఖాళీ చోటు. పచ్చ జెండా నొక్కితే మొదలు, ఎర్ర గుర్తు నొక్కితే ఆగుతుంది. అంతే.

బ్లాకుల రంగులు మాత్రం ముఖ్యం. నీలం కదిలేవి, ఊదా కనిపించేవి, పసుపు 'ఎప్పుడు' మొదలవ్వాలో చెప్పేవి. ఇంగ్లీషు కష్టమైన పిల్లలు మొదట్లో రంగు, స్థానం చూసే బ్లాకు పట్టుకుంటారు. దాన్ని తప్పుపట్టకండి.

ఒక చార్టు మీద పది పన్నెండు మాటలు రాసి గోడకు అంటించండి: మూవ్ – కదులు, టర్న్ – తిరుగు, సే – చెప్పు, వెయిట్ – ఆగు, రిపీట్ – ఇన్నిసార్లు మళ్ళీ చెయ్యి, ఫరెవర్ – ఆపేదాకా చేస్తూనే ఉండు, ఇఫ్ – అయితే, టచింగ్ – తగిలిందా, సెట్ – ఇంత పెట్టు, ఛేంజ్ – ఇంత మార్చు. ఇవి వస్తే మొదటి నెల గడిచిపోతుంది. 'సే' బ్లాకులో తెలుగులోనే టైప్ చేయొచ్చు. స్ప్రైట్లకు, వేరియబుల్స్‌కు కూడా తెలుగు పేర్లు పెట్టొచ్చు. పెట్టనివ్వండి.

## 5. మొదటి పూట: పిల్లితో పొడుపు కథ

స్క్రాచ్ తెరవగానే నారింజ రంగు పిల్లి ఉంటుంది. దానితో పొడుపు కథ చెప్పించడమే మొదటి ప్రాజెక్టు.

1. 'వెన్ ఫ్లాగ్ క్లిక్డ్' పెట్టండి.
2. దాని కింద 'సే … ఫర్ 2 సెకండ్స్'. అందులో "చిటారు కొమ్మన మిఠాయి పొట్లం, ఏంటది?" అని టైప్ చేయించండి.
3. 'వెయిట్ 3 సెకండ్స్'.
4. మళ్ళీ 'సే … ఫర్ 2 సెకండ్స్'. అందులో "తేనెపట్టు!"

ఇది ఆడాక కావాలనే ఒక మార్పు చేయించండి. 'ఫర్ 2 సెకండ్స్' లేని ఒట్టి 'సే' బ్లాకులు రెండు, వెయిట్ లేకుండా ఒకదాని కింద ఒకటి పెట్టమనండి. జెండా నొక్కితే రెండోదే కనిపిస్తుంది. మొదటిది ఏమైంది? అది కూడా వచ్చింది, కానీ కంటికి అందనంత వేగంగా దాని మీద రెండోది వచ్చేసింది. కంప్యూటర్ వరుస తప్పదు, మనకోసం ఆగదు కూడా. ఈ సంగతి మాటల్లో చెప్పకుండా చూపించండి.

ప్రతిసారీ జెండా నొక్కే ముందు "ఇప్పుడేం జరుగుతుంది?" అని అడగండి. జవాబు చెప్పాకే నొక్కాలి. ఈ మొత్తం వ్యాసంలో ఒక్క అలవాటే పట్టుకోవాలంటే ఇదే పట్టుకోండి. ఊహించకుండా నొక్కే పిల్లలు బ్లాకులు అటూ ఇటూ మార్చి ఎలాగో పని చేయిస్తారు గానీ, ఎందుకు పనిచేసిందో చెప్పలేరు.

## 6. రిపీట్: తెర మీద ముగ్గు

లూప్ (ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించడం) నేర్పడానికి ముగ్గును మించింది లేదు. ఎడమ కింది మూలలో ఎక్స్‌టెన్షన్ల (అదనపు బ్లాకుల) బటన్ నొక్కి 'పెన్' ఎంచుకోండి. ముందుగా ఈ తయారీ బ్లాకులు పెట్టించండి:

1. 'వెన్ ఫ్లాగ్ క్లిక్డ్'
2. 'పెన్ అప్'
3. 'గో టు ఎక్స్ 0 వై 0'
4. 'పాయింట్ ఇన్ డైరెక్షన్ 90'
5. 'ఇరేజ్ ఆల్'
6. 'పెన్ డౌన్'

ఇవి ఎందుకని అడిగితే, "ముగ్గు వేసే ముందు వాకిలి ఊడ్చి, చెయ్యి ఎక్కడ పెట్టాలో చూసుకుంటాం కదా" అనండి. ఇవి లేకపోతే నిన్నటి గీత మీద ఇవాళ్టి గీత పడుతుంది, పిల్లి వంకరగా మొదలుపెడుతుంది.

చతురస్రం. ముందే రిపీట్ చూపించకండి. 'మూవ్ 80', 'వెయిట్ 0.5', 'టర్న్ 90' అనే మూడింటినీ నాలుగుసార్లు చేత్తో అతికించనివ్వండి. పన్నెండు బ్లాకులు. "ఇందులో మళ్ళీ మళ్ళీ వచ్చేది ఏదైనా ఉందా?" అని అప్పుడు అడగండి. విసుగొచ్చిన చేతికి 'రిపీట్ 4' ఎందుకో ఒక్క క్షణంలో అర్థమవుతుంది.

త్రిభుజం. 'రిపీట్ 3', 'టర్న్ 60' పెడతారు. బడిలో త్రిభుజం మూల 60 డిగ్రీలని చదువుకున్న పిల్లలు తప్పకుండా ఇదే చేస్తారు. గీత కలవదు, సగం షడ్భుజిలా ఆగిపోతుంది. మీరు జవాబు చెప్పకండి. నేల మీద సుద్దతో త్రిభుజం గీసి దాని గీత మీద నడిపించండి. మూల దగ్గర ఒళ్ళు ఎంత తిరిగిందో చూసుకోమనండి. చాలానే తిరగాలి, 120. మొత్తం చుట్టు 360, దాన్ని మూడుతో భాగిస్తే వచ్చేది అదే. ఐదు భుజాలకు 72, ఆరుకు 60. డిగ్రీలు ఇంకా చదవని నాలుగో తరగతి పిల్లలకు కూడా "360ని ఎన్ని మూలలుంటే అన్నిటితో భాగించు" అన్నది సరిపోతుంది.

పువ్వు ముగ్గు. ఇప్పుడు చతురస్రం రిపీట్‌ను మొత్తంగా ఇంకో 'రిపీట్ 12' లోపల పెట్టి, లోపలి రిపీట్ అయిపోయాక 'టర్న్ 30', 'ఛేంజ్ పెన్ కలర్ బై 10' చేర్చండి. లోపలి 'వెయిట్' తీసేయండి, లేకపోతే పూర్తయ్యేసరికి నిద్రొస్తుంది. పన్నెండు చతురస్రాలు గుండ్రంగా తిరిగి పువ్వు వస్తుంది. చివర్లో 'హైడ్' పెడితే పిల్లి అడ్డం తప్పుకుంటుంది. మళ్ళీ కనిపించాలంటే మొదట్లో 'షో' పెట్టాలి.

ఇక్కడ వచ్చే తప్పు చూడ ముచ్చటగా ఉంటుంది. 'టర్న్ 30' పొరపాటున లోపలి రిపీట్‌లోకి జారుతుంది. పువ్వు బదులు ఒక్క త్రిభుజమే వస్తుంది, ఎంతసేపున్నా అదే. 90కి 30 కలిసి 120 అయింది మరి. ఇది సరిచేసే ముందు ఎందుకు త్రిభుజం వచ్చిందో వాళ్ళ చేత చెప్పించగలిగితే లూప్ పాఠం అయిపోయినట్టే.

ఇక పిల్లల్ని వదిలేయండి. 12 బదులు 36, 30 బదులు 10, చతురస్రం బదులు షడ్భుజి. అంచుకు తగిలితే 'మూవ్' తగ్గించుకోవాలని వాళ్ళే తెలుసుకుంటారు.

## 7. బాణం గుర్తులు, ఎక్స్, వై

బొమ్మ అడ్డంగా ఎక్కడుందో చెప్పే అంకె ఎక్స్, నిలువుగా ఎక్కడుందో చెప్పేది వై. స్టేజీ వెడల్పు 480, ఎత్తు 360. నడిమధ్య సున్నా. ఎడమ అంచు మైనస్ 240, కుడి అంచు 240. కింద మైనస్ 180, పైన 180. మైనస్ అంకెలు బడిలో ఇంకా రాని పిల్లలకు "సున్నాకు ఎడమ పక్క, సున్నాకు కింద" అంటే చాలు. బొమ్మను చేత్తో లాగి, కింద ఎక్స్, వై అంకెలు ఎలా మారుతున్నాయో చూడమనండి. ఐదు నిమిషాల్లో పట్టేస్తారు.

కదిలించడానికి మొదట 'వెన్ రైట్ యారో కీ ప్రెస్డ్' కింద 'ఛేంజ్ ఎక్స్ బై 10' పెట్టించండి. పనిచేస్తుంది. కానీ బాణం నొక్కి పట్టుకుంటే బొమ్మ ఒకసారి కదిలి, క్షణం ఆగి, అప్పుడు పరుగెడుతుంది. కీబోర్డులో అక్షరం నొక్కి పట్టుకున్నా ఇలాగే అవుతుంది. ఆటలో ఇది చిరాకు. దీనికి మందు 'ఫరెవర్' లోపల 'ఇఫ్ కీ రైట్ యారో ప్రెస్డ్'. తర్వాతి ఆటలో అదే వాడతాం.

## 8. అసలు ఆట: మామిడికాయలు పట్టే బుట్ట

పైనుంచి కాయలు పడతాయి, కింద బుట్టతో పట్టుకోవాలి. రెండు మూడు పూటలు పడుతుంది. తొందరపడకండి, ఇందులోనే అన్నీ ఉన్నాయి.

బుట్టకు స్ప్రైట్ల లైబ్రరీలోని 'బౌల్' సరిపోతుంది. మామిడికాయను పిల్లల చేతే గీయించండి. గీసేటప్పుడు పేజీ మధ్యలో ఉండే చిన్న గుర్తు మీద కాయ ఉండేలా చూడండి. పక్కకు గీస్తే కాయ ఒక చోట, స్క్రాచ్ లెక్కలో అది ఉన్న చోటు ఇంకొకటి అవుతుంది. స్ప్రైట్ల పేర్లు 'బుట్ట', 'కాయ' అని మార్చండి.

ముఖ్యమైన సూచన: మొత్తం ఒకేసారి కట్టించకండి. ఒక్కో మెట్టు తర్వాత జెండా నొక్కి చూడాలి.

మెట్టు 1, కాయ పడాలి. కాయ మీద క్లిక్ చేసి: 'వెన్ ఫ్లాగ్ క్లిక్డ్', 'గో టు ఎక్స్ 0 వై 170', 'ఫరెవర్' లోపల 'ఛేంజ్ వై బై మైనస్ 5'. స్క్రాచ్ ఫరెవర్‌ను సెకనుకు సుమారు 30 సార్లు తిప్పుతుంది. కాబట్టి పై నుంచి బుట్ట దాకా రావడానికి రెండు సెకన్లు పడుతుంది. "ఇంకా వేగంగా పడాలంటే?" అని అడగండి.

మెట్టు 2, కింద పడ్డాక మళ్ళీ పైకి. ఫరెవర్ లోపలే, 'ఇఫ్ వై పొజిషన్ < మైనస్ 170' అయితే 'గో టు ఎక్స్ (పిక్ రాండమ్ మైనస్ 220 టు 220) వై 170'. అంచు మైనస్ 180 కదా, అదే పెడదామంటారు. పెట్టొద్దు. స్క్రాచ్ బొమ్మను స్టేజీ నుంచి పూర్తిగా బయటికి పోనివ్వదు. చిన్న కాయ అయితే మైనస్ 180 దగ్గరే ఇరుక్కుని, 'ఇఫ్' ఎప్పటికీ నిజం కాదు.

మెట్టు 3, బుట్ట కదలాలి. బుట్ట మీద క్లిక్ చేసి: జెండా, 'గో టు ఎక్స్ 0 వై మైనస్ 140', ఫరెవర్ లోపల రెండు ఇఫ్‌లు. కుడి బాణానికి 'ఛేంజ్ ఎక్స్ బై 10', ఎడమకు మైనస్ 10.

మెట్టు 4, పట్టుకోవడం, స్కోరు. 'పాయింట్లు' అనే వేరియబుల్ చేయించండి. కాయ బ్లాకుల్లో జెండా కిందే 'సెట్ పాయింట్లు టు 0'. ఫరెవర్ లోపల 'ఇఫ్ టచింగ్ బుట్ట' అయితే 'ఛేంజ్ పాయింట్లు బై 1', ఆ వెంటనే అదే ఇఫ్ లోపల పైకి పంపే 'గో టు'.

మెట్టు 5, సమయం. స్టేజీ మీద క్లిక్ చేసి 'సమయం' అనే ఇంకో వేరియబుల్. జెండా, 'సెట్ సమయం టు 30', 'రిపీట్ అంటిల్ సమయం = 0' లోపల 'వెయిట్ 1 సెకండ్', 'ఛేంజ్ సమయం బై మైనస్ 1'. బయట 'స్టాప్ ఆల్'.

ఇది పూర్తయ్యాక కుళ్ళిన కాయ కావాలంటారు, పట్టుకుంటే పాయింట్లు పోవాలంటారు. కాయ మీద రైట్ క్లిక్ చేసి డూప్లికేట్ నొక్కి, రంగు మార్చి, 1 బదులు మైనస్ 2 పెట్టుకోవచ్చు. డూప్లికేట్‌లోని 'సెట్ పాయింట్లు టు 0' తీసేయాలి, ఆ పని ఒక చోట జరిగితే చాలు. అయినా ముందు వాళ్ళనే ప్రయత్నించనివ్వండి.

## 9. మాటిమాటికీ వచ్చే తప్పులు, వాటి మందు

"నా బ్లాకులన్నీ పోయాయి!" పోలేదు. వేరే స్ప్రైట్ మీదో, స్టేజీ మీదో క్లిక్ అయింది. ఒక్కో స్ప్రైట్‌కు దాని బ్లాకులు దానికే ఉంటాయి. కింద సరైన బొమ్మ మీద క్లిక్ చేస్తే తిరిగొస్తాయి. స్ప్రైట్‌నే తొలగించేసి ఉంటే ఎడిట్ మెనూలో 'రీస్టోర్ స్ప్రైట్' వెంటనే నొక్కాలి.

కాయ బదులు బుట్ట కింద పడుతోంది. అదే కారణం. కాయకు రాయాల్సింది బుట్టకు రాశారు. ఆ బ్లాకుల్ని లాగి కింద కాయ బొమ్మ మీద వదిలితే అక్కడికి కాపీ అవుతాయి. బుట్టలో ఉన్నవి తర్వాత తీసేయండి.

జెండా నొక్కినా ఏమీ కావట్లేదు. బ్లాకుల పైన 'వెన్ ఫ్లాగ్ క్లిక్డ్' లేదు, లేదా దానికి వెంట్రుకవాసి దూరంలో అతక్కుండా ఉంది. లాగి చూస్తే తెలుస్తుంది.

తగిలినా స్కోరు పెరగట్లేదు. 'ఇఫ్' ఫరెవర్ బయట ఉంది. జెండా నొక్కిన క్షణంలో ఒక్కసారే చూసి వదిలేసింది.

ఒక్క కాయకే పది పదిహేను పాయింట్లు. తగిలిన వెంటనే కాయను పైకి పంపలేదు. అది బుట్ట గుండా జారుతున్నంతసేపూ లెక్క పడుతూనే ఉంది.

స్కోరు ఎప్పుడూ 1 దగ్గరే. 'ఛేంజ్' పెట్టాల్సిన చోట 'సెట్' పెట్టారు. ఇది పెద్దవాళ్ళూ చేస్తారు.

రెండోసారి ఆడితే పాత స్కోరు నుంచి మొదలైంది. మొదట్లో 'సెట్ … టు 0' మర్చిపోయారు.

పిల్లి తలకిందులైంది. 'ఇఫ్ ఆన్ ఎడ్జ్ బౌన్స్' వాడినప్పుడు వస్తుంది. 'సెట్ రొటేషన్ స్టైల్ లెఫ్ట్-రైట్' ఒక్కటి చేర్చండి. దీన్ని వెంటనే సరిచేయకండి, పిల్లలు కాసేపు నవ్వుకుంటారు.

## 10. తప్పు వచ్చినప్పుడు మీరు చేయాల్సింది

మౌస్ ముట్టుకోవద్దు. వేలితో తెర మీద చూపించడం కూడా వద్దు. ఈ మూడు ప్రశ్నలు ఇదే వరుసలో అడగండి: ఏం జరగాలి? ఏం జరుగుతోంది? ఎక్కడి దాకా బాగానే ఉంది?

ఇలా నడుస్తుంది:

"అమ్మా, ఇది పనిచేయట్లేదు."
"ఏం కావాలి కన్నా?"
"బుట్టకు తగిలితే పాయింటు రావాలి."
"ఏమవుతోంది?"
"తగిలి వెళ్ళిపోతోంది. పాయింటు రావట్లేదు."
"పాయింటు ఇచ్చే బ్లాకు ఒక్కదాన్నే పక్కకు లాగి నొక్కి చూడు."
"వచ్చింది! ఒకటి పెరిగింది."
"అయితే ఆ బ్లాకు బాగానే ఉంది. మరి దాన్ని ఎవరు పిలవాలి?"

స్క్రాచ్‌లో ఏ బ్లాకునైనా పక్కకు లాగి, విడిగా క్లిక్ చేసి నడపొచ్చు. అతికి ఉండగా నొక్కితే మొత్తం వరుసంతా నడుస్తుంది. 'టచింగ్ బుట్ట' అన్న బ్లాకును ఇలా విడిగా నొక్కితే ఆ క్షణానికి తగిలిందో లేదో చిన్న బుడగలో చూపిస్తుంది. నడుస్తున్న బ్లాకుల చుట్టూ పసుపు వెలుగు వస్తుంది. 'వై పొజిషన్' పక్కన ఉన్న గడిలో టిక్ పెడితే ఆ అంకె స్టేజీ మీద కనిపిస్తూ ఉంటుంది. తప్పు పట్టుకోవడానికి ఈ నాలుగూ నేర్పండి. మీరు జవాబు చెప్పడం కంటే ఇవే ఎక్కువ పనికొస్తాయి.

పదిహేను నిమిషాలైనా తేలక కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే మాత్రం పంతం వద్దు. సేవ్ చేయించి, ఆ పూటకు ఆపేయండి.

## 11. క్లాసులో నలభై మంది, కంప్యూటర్లు పదే ఉంటే

ఒక్కో కంప్యూటర్‌కు ఇద్దరు. ఒకరిది మౌస్, రెండోవాళ్ళది నోరు: ఏ బ్లాకు ఎక్కడ పెట్టాలో చెప్పాలి, కానీ మౌస్ ముట్టుకోకూడదు. పది నిమిషాలకోసారి బెల్లు కొట్టి మార్చండి. ఇది పెట్టకపోతే నోరున్న పిల్లాడే పీరియడంతా మౌస్ పట్టుకుంటాడు.

మిగతా ఇరవై మంది గళ్ళ కాగితం మీద ముందుగా ప్లాను రాస్తారు: ఏ బొమ్మలు, ఏది నొక్కితే ఏమవ్వాలి. ప్లాను రాసుకున్నాకే కంప్యూటర్ దగ్గరికి రావాలి.

ఫైలు పేర్లకు ఒక పద్ధతి పెట్టండి, ఉదాహరణకు సెక్షన్, రోల్ నంబరు, ప్రాజెక్టు పేరు. కరెంటు పోయే చోట ప్రతి పది నిమిషాల బెల్లుకూ సేవ్. యాప్ ఇన్‌స్టాలర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని తిరగండి.

## 12. ఆన్‌లైన్ అకౌంట్ ఇచ్చే ముందు

- యూజర్‌నేమ్‌లో అసలు పేరు, ఊరు, బడి, పుట్టిన సంవత్సరం ఉండకూడదు
- పెద్దవాళ్ళ ఈమెయిల్‌తోనే తెరవండి
- 'షేర్' నొక్కితే ప్రాజెక్టు అందరికీ కనిపిస్తుంది. నొక్కే ముందు మీకు చూపించాలని చెప్పండి
- ప్రాజెక్టులో ఫొటో, రికార్డు చేసిన గొంతు ఉంటే షేర్ చేయకపోవడం మంచిది

అకౌంట్ వల్ల అసలు లాభం 'రీమిక్స్'. 'సీ ఇన్‌సైడ్' నొక్కి, షేర్ చేసిన ఎవరి ఆటైనా లోపల ఎలా కట్టారో అకౌంట్ లేకపోయినా తెరిచి చూడొచ్చు. అకౌంట్ ఉంటే 'రీమిక్స్' నొక్కి దాన్ని మార్చుకోవచ్చు, అసలు చేసినవాళ్ళ పేరు అక్కడే ఉంటుంది. అయితే రీమిక్స్ చేసి రంగు మార్చడాన్ని ప్రాజెక్టు అనొద్దు. కనీసం ఒక కొత్త నియమం చేర్చాలి.

## 13. వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది, ఆ తర్వాత ఏం చేయాలి

వీడియో చూసి అచ్చంగా దించేసిన ఆటను చూసి మురిసిపోకండి. ఇవి అడిగి చూడండి:

- కాయ పైనుంచి కాకుండా ఎడమ నుంచి కుడికి రావాలి. ఏం మారుస్తావు?
- మూడు కాయలు వదిలేస్తే ఆట అయిపోవాలి. వేరియబుల్ ఏది? ఎక్కడ పెంచుతావు?
- ఈ బ్లాకు తీసేస్తే ఏమవుతుంది? (నొక్కకుండా చెప్పాలి)

రెండోదానికి సొంతంగా జవాబు కడితే 'బ్రాడ్‌కాస్ట్', క్లోన్లు మొదలుపెట్టండి. ఒక బొమ్మ ఇంకో బొమ్మకు కబురు పంపడం బ్రాడ్‌కాస్ట్. ఒకే కాయను పదిగా చేయడం క్లోన్. ఒకేసారి 300 క్లోన్లకు మించి స్క్రాచ్ చేయనివ్వదు. కొత్తవి రావడం ఆగిపోతే, పాతవాటిని 'డిలీట్ దిస్ క్లోన్'తో తీసేశారా అని చూడండి.

చేత్తో పట్టుకునే వస్తువు ఇష్టపడే పిల్లలకు మైక్రోబిట్ అనే చిన్న కంప్యూటర్ బోర్డు మంచిది. దాని మీద 25 చిన్న లైట్లు ఉంటాయి, బ్లాకులతోనే వెలిగించొచ్చు. ఫోన్ యాప్ చేయాలనుకునేవాళ్ళకు ఎంఐటీ యాప్ ఇన్వెంటర్ ఉంది, అదీ బ్లాకులే.

పైథాన్ (బ్లాకులు కాకుండా టైప్ చేసి రాసే కోడింగ్ భాష) ఎప్పుడు? టైపింగ్ సాఫీగా వచ్చి, పై మూడు ప్రశ్నలకూ తడుముకోకుండా చెప్పగలిగినప్పుడు. పదేళ్ళకే పైథాన్ రావాలని ఎక్కడా లేదు. మొదలుపెట్టే రోజు కొత్త ప్రాజెక్టు వద్దు. పైథాన్‌తో పాటే వచ్చే, గీతలు గీసే టర్టిల్ అనే సాధనంతో అదే పువ్వు ముగ్గు వేయించండి. 'మూవ్ 80' బదులు ఫార్వర్డ్ 80, 'టర్న్ 90' బదులు రైట్ 90, 'రిపీట్' బదులు ఫర్ లూప్. పాత స్క్రాచ్ ఫైలు పక్కనే తెరిచిపెట్టి, ఒక్కో బ్లాకుకు ఒక్కో లైను రాయమనండి. లైను ముందు ఖాళీ వదలడం మర్చిపోయి ఎర్రర్ వస్తే, స్క్రాచ్‌లో ఆ బ్లాకు రిపీట్ లోపల ఉందో బయట ఉందో చూసి సరిచేసుకోమనండి.